మడచిన విస్తరి

హేమంతము గృధ్రగిరిదుర్గమును మెల్లమెల్లగా మ్రింగుచుండెను. ప్రొద్దు వాలకమునుపే కందకగర్భమునుండి పొగమంచు లేచి జమ్ముగడ్డి తలలను ముంచి ప్రాకారపాదమును ముంచి శిలాబద్ధములైన బురుజుల నడుములవఱకు నెగఁబ్రాఁకి యాపైన నేమియు నెఱుఁగనట్లు నిలిచిపోవుచుండెను. కాఁచిన రాగిచెంబువలె నున్న సూర్యబింబము పడమటికొండల వెనుకకు జాఱుచుండఁగాఁ గొండకొమ్మున రాబందులు ఱెక్కలు ముడుచుకొని వరుసగాఁ గూర్చుండి క్రింద జరుగఁబోవు కార్యమును నిరీక్షించుచుండెను. ఆ వేళ దుర్గమునఁ బసిపిల్లలు సైతము బిగ్గఱగా నేడువరు. తల్లులు వారి నోళ్ళకుఁ జెఱఁగు లడ్డము పెట్టుదురు. వెలుపలినుండి యెవరైనఁ బిలుతురేమో యని భయము. పిలిచినచోఁ బలుకవలసివచ్చునేమో యని యంతకంటె భయము.

ప్రేతము రెండుమాఱులే పిలుచునని, మూఁడవమాఱు పిలుచుటకు దానికి నూపిరి చాలదని యా ప్రాంతమునఁ బెద్దల మాట. కావున సంధ్యవేళ గోడవెలుపల నెంతటి యాప్తుని గొంతు వినఁబడినను మూఁడవ పిలుపు చెవిఁబడువఱకు నెవరును నోరు మెదపరాదు. మెదపినవాని ప్రాణము పిలుపువెంటఁ బోవునఁట.

నాఁటి సాయంకాలము సింహద్వారపు బురుజుపై నొక నల్లని క్రొత్తకుండను రెండుచేతులఁ బట్టుకొని నిలిచినవాఁడు ఆ దుర్గమునకు దళవాయియగు నూంకనాయకుఁడు. ఏఁబది దాఁటిన వయస్సు. నెరసిన మీసములు. మాట తక్కువ, ఆజ్ఞ యెక్కువ. పగవారు కోటను ముట్టడించియుండఁగా నా యుదయమున నీటికై లోయలోనికి దిగిన బంటులలో నతని మేనల్లుఁడు కాటయ శత్రువులచేతఁ జిక్కెను. తండ్రిలేని కాటయకు మేనమామయే తండ్రి, మేనమామయే గురువు. విల్లుపట్ట నేర్పినవాఁడును నాతఁడే. నేర్పిన విద్యతోనే పిల్లవాఁడు పందెమునఁ దన్ను గెలిచిన దినమున వానిని వీథివీథిఁ ద్రిప్పి చూపి మురిసినవాఁడును నాతఁడే. అట్టి కాటయ పేరు నిప్పుడు బిగ్గఱగాఁ బలికి నూంకనాయకుఁడు కుండను బురుజుఱాతిపైఁ గొట్టెను. పెంకులు మంచులోనికి రాలెను. అవి క్రిందఁబడిన చప్పుడు మాత్రము వినఁబడలేదు.

"కాటయ చచ్చెను" అని నూంకనాయకుఁడు పలికెను.

"చచ్చెను" అని కావలివారందఱు నొక్కగొంతుతోఁ బలికిరి.

కాటయ యప్పటికిఁ జావలేదని వారందఱకును దెలియును.

ఇది గృధ్రగిరి శాసనము. "పగవాని చేఁజిక్కినవాఁడు చచ్చినవాఁడు, వానికై విడుపు లేదు, మాఱు లేదు" అని ద్వారముకడ నిలువునఁ బాఁతిన ఱాతిపైఁ జెక్కఁబడియుండెను. ఊరక పుట్టిన శాసనము కాదది. ఇప్పటి దుర్గాధిపతియగు చొక్కభూపాలుని తండ్రికాలమునఁ బగవారు ప్రభువు బావమఱఁదిని బంధించి యతనికి మాఱుగా గృధ్రగిరి చెఱలోని తమ బంటుల నందఱను విడువుమని కోరిరి. బంధుప్రేమకుఁ గన్నులు లేవుగదా, ప్రభువు విడిచెను. చెఱలో నున్నంతకాలము కోట నీటితూము పోకడ కనిపెట్టిన యా బంటులు నెల తిరుగకమున్నే యా తూముననే మరలవచ్చి నిద్రించుచున్న కోటను గోసిపోసిరి. ఒక్కనిఁ దెచ్చుకొన్న సంతోష మిండ్లకిండ్ల యేడుపై ముగిసెను. నూంకనాయకుని తండ్రియు నతని చెల్లెలు అన్నెమ పెనిమిటియు నాఁడే తెగటాఱిరి. కాటయ యప్పటికిఁ దల్లికడుపున నుండెను. రక్త మాఱని నేలపై నిలిచి యువకుఁడగు నూంకనాయకుఁడే క్రొత్తప్రభువైన చొక్కభూపాలునిచే నీ శాసనమును జెక్కించెను. చిక్కినవానిని బగవారు కందకపుటొడ్డునకుఁ దెచ్చి చూపి బేరమాడఁదలఁచినచో ముందుగా మన బాణములే వానిని గొట్టవలెనని కూడఁ జేర్పించెను. సరకే లేనిచోట బేరగాఁడు నిలువఁడని యతని యాలోచన.

ఆ శాసనమును మొదట రుచిచూచినవాఁడు ద్వారపాలకుఁడగు బయ్యన. వాని కొడుకును బగవారొడ్డున నిలిపిరి. "అయ్యా" యని యా పిల్లవాఁ డొకమాఱు పిలిచెను. నూంకనాయకుఁడు చేయెత్తెను, బాణములు పోయెను. నాఁటినుండి బందీని దెచ్చి బేరమాడు పగవాఁడు గానరాకపోవుటచే శాసనము ఫలించినదని యందఱును సంతసించిరి. దానికి మాఱుగాఁ జిక్కినవారినిఁ జిక్కినచోటనే నఱకుచున్నారని మాత్ర మెవరును బైకి ననరైరి. బయ్యన యా దినమునఁగూడఁ గావలి మానలేదు. నేఁడు దళవాయి చేతికిఁ గుండ నందిచ్చినవాఁడును బయ్యనయే.

శాసనప్రకారము చచ్చినవానికిఁ బదిదినములు కర్మ జరుగవలెను. ఐన నీ ప్రేతము కోటలోనిది కాదు, పగవాని చేతిలోనిది. దానిని లోనికిఁ బిలువరాదు. కావునఁ బ్రతిసాయంకాలము తల్లి వండిన యుప్పులేని చప్పిడియన్నమును పిండముగాఁ జేసి యరఁటియాకులోఁ బెట్టి వెదురుబుట్టలో నుంచి త్రాటితో గోడవెలుపలికి దింపుదురు. తెల్లవాఱినపిదపఁ గర్త దానిని బైకిలాగి కాకులు ముట్టినవో లేవో చూచును. తండ్రి లేమిచేఁ గర్తృత్వము మేనమామకే పడెను.

అన్నెమ పొయ్యిముందుఁ గూర్చుండి బియ్య మెసటఁబోయుచుండెను. అన్న గడపలో నిలిచినను దల యెత్తలేదు.

"ఏడువుము చెల్లెలా! ఏడ్చిన బరువు తగ్గును" అని నూంకనాయకుఁ డనెను.

"నీవా ఱాయి చెక్కించిన దినమున నీకు మ్రొక్కినదానను నేనే యన్నా! జ్ఞప్తి యున్నదా?"

"ఉన్నదమ్మా."

"నాకును నున్నది. అదియే నన్నేడువనీయకున్నది."

మఱునాఁడు శత్రుశిబిరమునుండి తెల్లజెండాతో దూత వచ్చెను. తమ సేనానియగు సబ్బినాయకుఁడు గృధ్రగిరి చెఱలో నున్నాఁడనియు నాతని విడిచినచోఁ గాటయను బ్రాణములతో నప్పగింతుమనియు నతఁడు విన్నవించెను. చొక్కభూపాలుఁడు దళవాయి మొగము చూచెను. కొలువంతయు నదే మొగము చూచెను. "కాటయ యను వాఁ డెవఁడును మాకు లేఁడు. వానికి నిన్ననే కుండ పగిలినది" అని నూంకనాయకుఁడు బదులు చెప్పెను. దూత వెఱ్ఱివానివలెఁ జూచి మరలిపోయెను.

ఆ మఱుసటి సంధ్యవేళఁ గందకపుటావలియొడ్డున మంచులో రెండు కాఁగడాలు వెలిఁగెను. వానినడుమఁ జేతులు కట్టఁబడిన యొక యాకారము. మేనమామ కన్నులారఁ జూచిన నేనాఁటి ఱాయియైనఁ గరఁగునని పగవారి తలంపు.

"మామా!" అని పిలుపు వచ్చెను.

విలుకాండ్రు దళవాయి చేతివంకఁ జూచుచుండిరి. ఆ చేయి తనది కాదేమో యనునట్లు నూంకనాయకుఁడును దానివంకనే చూచెను.

"మామా!"

చేయి లేచెను. తూఁపులు మంచును జీల్చుకొని పోయెను. కాఁగడా యొకటి నీటఁబడి చుయ్యిమనెను, ఒకటి పరువెత్తెను. బరువైన దేదియో జమ్ములో దొర్లిన చప్పుడు. ఆపైఁ గప్పలు సైతము నోరు మూసికొనెను. పగవారు కందకమువైపున కంతట రాలేదు. ఒడ్డు బాణపువ్రేటులో నున్నది.

ఇంతటితోఁ గథ ముగిసిన శాసనమునకు మచ్చ యుండకపోవును. కాని మఱునాఁటి సంధ్యను మరల మంచు లేచెను, బయ్యన బుట్టను దింపెను, జమ్ములోనుండి గోడపాదముననే బొంగురుపోయిన గొంతొకటి "మామా" యని పిలిచెను. కొంతసేపటికి మఱొక్కమాఱు పిలిచెను. అంతే. కావలివారు మూఁడవ పిలుపునకై చెవులు రిక్కించి నిలిచి నిలిచి చెమర్చిరి. చలికాలమునఁ జెమర్చినవారిని జూచి నవ్వవలసినవారుకూడ నవ్వలేదు.

తెల్లవాఱఁగనే నూంకనాయకుఁడు బుట్టను బైకి లాగెను. కాకులు ముట్టిన పిండమైన మెతుకులు చిమ్మియుండవలెను. ముట్టనిదైనచోఁ బెట్టినది పెట్టినట్లుండవలెను. బుట్టలో నొక్క మెతుకును లేదు. అరఁటియాకు నడిమియీనెకడ సరిగా మడవఁబడి, మడతలోనికి నొక చిన్న గులకఱాయి గాలి కెగురకుండ బరువుగా నుంపఁబడి యుండెను. మఱియు నొకటి. చావుకూడు తిన్నవారు విస్తరిని దమ కవతలివైపునకు మడతురు. విందుకుడిచినవారు తమవైపునకు మడతురు. ఇది పసిపిల్లలకుఁగూడ నన్నము తినుటతోపాటు నేర్పెడు మర్యాద. ఆకుకొన యున్న దిక్కునుబట్టి చూడఁగా నా విస్తరి తిన్నవానివైపునకే మడవఁబడియుండెను.

నక్క విస్తరి మడవదు. కాకి గులకఱాయి బరువుంపదు. ప్రేతము సంగతి నూంకనాయకునకుఁ దెలియదు. ఐనను బిండము తిన్న ప్రేతము దానిని విందని తలఁచునా? అతఁడు చుట్టును జూచి యా యాకును గవచములోపల దోఁపుకొని వట్టిబుట్టను బయ్యన చేతికిచ్చెను.

ఇంటికడ అన్నెమ యడిగెను. "ముట్టినదా యన్నా?"

"ముట్టినదమ్మా."

"ఏది ముట్టినది?"

"కాకులు."

"ప్రేతము వాసనయే తినునందురు, కాకి సగము తిని సగము చిమ్మునందురు. బుట్టలో మెతుకైన లేదని నీళ్ళకడ నాఁడువా రనుకొనుచున్నారు. నా బిడ్డ పిండమును మెతుకు మిగులక తిన్న యా కాకి యెట్టిది?"

"నక్కలు తినియుండును" అని యతఁడు నేలఁ జూచెను. కవచములోని యాకు ఱొమ్మునకు జల్లగాఁ దగులుచుండెను. ఆ సాయంకాలము పిండము మునుపటికంటెఁ బెద్దదిగా నుండెను.

అది మొదలు ప్రతిసంధ్యను రెండు పిలుపులు. ప్రతియుదయమున మడచిన విస్తరి. కోటలో గుసగుసలు ముదిరి కథలయ్యెను. బురుజుమీఁది గస్తీకిఁ బంపఁబడినవారికిఁ గడుపునొప్పులును గాళ్ళనొప్పులును బుట్టుకొనివచ్చెను. ఒకఁడు మంచులో గోడను బ్రాఁకుచున్న చేతిని జూచితినని చెప్పెను. మఱొకఁడు దానికి వ్రేళ్ళు లేవనెను. చూడనివాఁడు గోళ్ళ పొడవు గూడఁ జెప్పెను. ప్రొద్దుగ్రుంకినతోడనే తలుపులు బిగింపఁబడుచుండెను. ముట్టడిచేయుచున్న వేలకొలఁది పగవారికి వెఱవని దుర్గము జమ్ములోని యొక్కగొంతునకు వెఱచి వడఁకుచుండెను.

ఒకనాఁటి యుదయమున మడతలో నొక్క మెతుకు మిగిలియుండెను. నూంకనాయకుఁ డేల చేసెనో తానే యెఱుఁగఁడు. ఆ మెతుకును నాలుకపై వేసికొనెను. ఉప్పు తగిలెను. పిండములో నుప్పుండరాదు. ఉప్పు బ్రతికినవారికే పెట్టుదురు.

చెల్లెలికిఁ దెలియును. తెలిసియు నన్న నడుగదు. అడిగిన నన్న యేమి చెప్పవలసివచ్చునో యదియుఁ దెలియును. ఆ సాయంకాలము వారిరువురును బొయ్యికడఁ గూర్చుండి కోటలోని గాదెలనుగూర్చియు గొడ్లకు గ్రాసము చాలమినిగూర్చియు మాటలాడుకొనిరి. ఎసటిలో నుప్పు పడిన చప్పుడైనపుడు నూంకనాయకుఁడు కావలెనని దగ్గెను.

బుట్టను దింపుటకు నాఁడు భయముచే బయ్యన తక్క నెవరును రాలేదు. దళవాయియే దింపెను, బయ్యన ప్రక్కను నిలిచెను. త్రాడు సడలి బుట్ట నేలఁదాఁకినది. మంచులో గోడపాదమున నేమియు గానరాదు. నూంకనాయకుఁడు త్రాటిని మేకునకుఁ గట్టి ముడి బిగించుచుండఁగా దిగువనుండి దాని నెవరో లాగిరి. బలముగాఁ గాదు. బాల్యమునఁ గాటయ నడువ నేర్చుచు నతని పంచెకొంగును బట్టుకొని యెట్లు లాగువాఁడో యట్లు లాగిరి. నిప్పు ముట్టినవానివలె నతఁడు త్రాటిని వదలిపెట్టెను.

"నాయకా! త్రాడు కదలినది" అని బయ్యన యనెను.

"గాలి."

"గాలి లేదు."

దిగువనుండి "మామా" యని యొక పిలుపు. ఇంకొకటి. పిలుపు ముగిసిన చాలసేపటికి నూంకనాయకుఁడు మంచువంకఁ జూచుచునే పలికెను. "బయ్యనా! నీ కొడు కొక్కమాఱు పిలిచెను. రెండవమాఱు పిలుచు వ్యవధి నే నీయలేదు. నేఁడు నా మేనల్లునిఁ ద్రాటితోఁ బైకి లాగినచో నేను నీ మొగ మెట్లు చూడఁగలను?"

"ఇంతకాలమును మీరు నా మొగము చూచితిరా నాయకా?" అని బయ్యన మెల్లగా ననెను. "నా కొడుకునకుఁ జేసినదే మీ మేనల్లునికిని జేసిన నది న్యాయమని తలఁచుచున్నారు. చచ్చిన నా పిల్లవానికి దానివలన నేమి యొరిగెను? రెండు చితులు పేర్చిన నొక చలి తీఱునా?"

ఏండ్లతరబడి యా ముదుసలి తన యెదుట విన్నపము చేయలేదని, కన్నీరు పెట్టలేదని, దానిని దాను క్షమయని భ్రమించితినని నూంకనాయకునకు నాఁడు తెలిసెను. తెలిసినదానితో నేమి చేయవలెనో తెలియలేదు. ఆతఁ డింటికిఁ బోయెను.

పదవనాఁటి ప్రొద్దున చొక్కభూపాలుఁడు దళవాయిని బిలిపించెను. ప్రభువు కన్నులక్రింద నిద్రలేని నలుపు పేరుకొనియుండెను. "గస్తీకి మనుష్యులు రాకున్నారు. ఇట్లే యుండినఁ బగవాఁ డొక నిచ్చెనతోఁ గోట నెక్కును. నేఁడు సంధ్యవేళ పిలుపు వినఁబడఁగనే జమ్మును దగులఁబెట్టింపుము. ప్రేత మైనచో దానికి ముక్తి. ప్రాణి యైనచో శాసనప్రకార మదియు నెప్పుడో చచ్చినదే. ఎట్లైనను మనకు నష్టము లేదు."

"మూఁడవ పిలుపు వినఁబడినచో దేవరా?"

"వినఁబడిన నప్పుడు చూతము. ఇన్నినాళ్ళును వినఁబడలేదుగదా."

నూంకనాయకుఁ డా మాటను గట్టిగాఁ బట్టుకొని వెలుపలికి వచ్చెను. మూఁడవ పిలుపు వచ్చినచో శాసనము మాట యటుండనిచ్చి తాను పలుకును, ద్వారము తెఱపించును. ఎవరేమి యనఁగలరు, పెద్దల మాటయే తన పక్షమున నుండును. రాకున్నచో నది ప్రేతమే. తనకుఁ బాపము లేదు. కవచములో నెండిన విస్తరులు నడచునప్పుడెల్ల గలగలలాడుచుండెను. చేతఁ దాఁకిన సత్యమునకు నాచారముచే సాక్ష్యము చెప్పింపఁదలఁచినవాని పిఱికితనమునకంటెఁ బిఱికితన మింకొకటి లేదు. కాని యది పిఱికితనమని వానికిఁ దోఁపదు. ధర్మమని తోఁచును.

నాఁటి మంచు మఱింత చిక్కగా లేచెను. నూనెగుడ్డలు చుట్టిన బాణములతో విలుకాండ్రు వరుసఁ దీరిరి. నెలలతరబడి వానలెఱుఁగని జమ్ము చేయి సోఁకిన గలగలమనునంత యెండియుండెను. అన్నెమ తానును బురుజెక్కి వచ్చెను. ఆఁడువారికిఁ దగనిచోటని యెవరును నామెను వారింపలేదు. ఆమె చేతిలోఁ బిండము లేదు; మూకుడుతో నన్నము, ప్రక్కను నూరగాయ బద్ద.

"మామా!"

ఆ గొంతు మునుపటికంటె బలహీనముగా నుండెను. నూంకనాయకుఁడు గోడఱాతిని రెండుచేతులఁ బట్టుకొనెను.

"మామా!"

ఇఁక నిశ్శబ్దము. విలుకాండ్ర చేతులలోని నిప్పు చిటపటమనెను. రాబందొకటి కొండకొమ్మున ఱెక్క విదిల్చుకొనెను. పిలువుము రా నాయనా, ఒక్కమాఱు పిలువుము, ఊపిరి లేకున్న దగ్గుము, తగ్గిన గొంతుతో నైనఁ బిలువుము అని నూంకనాయకుఁడు పెదవులు కదలక ప్రార్థించెను. అన్నెమ యన్న మొగమువంకఁ జూచుచుండెను. ఆమెయుఁ బలుకలేదు, పుట్టినది మొదలు విన్న కట్టడి యామె నాపెను. ఎంతసేపు నిలిచిరో యెవరికిని దెలియదు. తుద కొక విలుకాని బాణపుకొననుండి నిప్పురవ్వ గోడపై రాలెను. ప్రభువు పంపిన చారుఁడు వెనుకనుండి "దళవాయీ, ఆజ్ఞ" యని గొణిఁగెను.

చేయి లేచెను. అది లేచుట కలవాటు పడిన చేయి.

నిప్పుబాణములు మంచులో నెఱ్ఱని గీఱలు గీసి జమ్ములోఁ గ్రుంకెను. ఒక్కనిమిషము పొగ. ఆపై నొడ్డునుండి యొడ్డువఱకు మంట లేచి మంచంతయు నెత్తురురంగు తిరిగెను. జమ్ముకాడలు పగులు చప్పుళ్ళ నడుమనుండి, గోడపాదమునుండి, మనుష్యుని గొంతనుటకు వీలులేని గొంతుతో, స్పష్టముగా,

"మామా!"

మూఁడవ పిలుపు.

"ఓ!" అని కోటంతయు మాఱుమ్రోఁగునట్లొక పలుకు వినఁబడెను. పలికినవాఁడు నూంకనాయకుఁడు కాఁడు, బయ్యన. తన కొడుకునకుఁ బలుకఁదలఁచి యిన్నియేండ్లు గొంతులో దాఁచుకొన్న పలుకంతయు నా ముదుసలి యా యొక్క కేకలోఁ బెట్టెను. అప్పటికే నూంకనాయకుఁడు బుట్టత్రాటిని బట్టుకొని గోడవెంట జాఱుచుండెను. "వచ్చుచున్నాను రా, వచ్చుచున్నాను రా" యని యతఁడు బాలునివలె నఱచుట పైవారందఱును వినిరి.

త్రాటితో నిరువురను బైకి లాగిరి. దళవాయి చేతులు మోఁచేతులవఱకుఁ గాలియుండెను. కాటయ దేహమునఁ గాలనిచోటు కొంచెమే. ఆతని మెడప్రక్కను బాఁతబాణపు గాయ మొకటి కానవచ్చెను. కాఁగడాల నడుమ నిలిచిననాఁటి తూఁపు గొంతును గోసికొని పోయినదే. చేతికట్లు ఱాతికి రాచి తెంపుకొని యా రాత్రియే కందకము దాఁటి జమ్ములో దాఁగెను. పగటివేళఁ గదలినఁ బగవారు చూతురు. సంధ్యవేళ మంచుచాటున గోడపాదమువఱకుఁ బ్రాఁకివచ్చి పిలుచుచుండెను. తల్లి యొడిలో దల పెట్టుకొని యతఁడు తెల్లవాఱువఱకుఁ బ్రాణముతో నుండెను.

"మామా! దినమును మూఁడుమాఱులు పిలువవలెననియే యనుకొందును. రెండు పిలుచునప్పటికి నోటినిండ నెత్తురు వచ్చును" అని యతఁడు నూంకనాయకునితోఁ దప్పుచేసినవానివలెఁ జెప్పెను. పిదపఁ దల్లివంకఁ దిరిగి నవ్వఁబోయెను. "అమ్మా! అన్నములో నుప్పు తగిలిన దినమున నీవు నన్ను గుర్తుపట్టితివని తెలిసినది. ఇఁక భయము లేదనుకొంటిని."

సూర్యోదయమున నతని చేయి చల్లఁబడెను. స్త్రీలు దుఃఖించిరి. అన్నెమ లేచి పొయ్యి యంటించి బియ్యము కడిగెను. అన్న గుమ్మమున నిలిచి కాలినచేతులు జోడింపఁ బ్రయత్నించుచుండఁగా నామె యతని మొగముపైఁ జూపు నిలిపెను.

"ఇన్నినాళ్ళు నేను వండినది పిండము కాదన్నా, అన్నము. పిండము నేఁడు వండుచున్నాను. దీనిలో నుప్పు వేయను" అనెను. అప్పు డామె యేడ్చెను. శాసనము చెక్కించిననాఁటి యేడుపుగూడ నందులోఁ గలిసియుండెను.

నూంకనాయకుఁడు నాఁటి మధ్యాహ్నము ప్రభువు ననుమతి యడుగకయే చెఱతలుపు తెఱిపించి సబ్బినాయకుని వెలుపలికిఁ బంపెను. "నాకు మాఱుగా నెవరిని గోరుచున్నారు?" అని సబ్బినాయకుఁ డాశ్చర్యముతో నడుగఁగా "మాఱుగా నీయవలసినవాఁడు నిన్నటివఱకు నుండెను" అని తలుపు మూయించెను. చొక్కభూపాలుఁడు దళవాయి ఖడ్గమును దీసికొనెను. ప్రాణమును మాత్రము తీయలేదు. ముట్టడి యటుపైఁ గొంతకాలము జరిగి, చేసినవారును జేయించుకొన్నవారును విసిగి, యే గొప్పకారణమును లేకయే సంధితో ముగిసెను. శాసనపుఱాతిని బగులఁగొట్టుమని యెవరును జెప్పలేదు, చదువుటకును నెవరును బోలేదు. వానలే దాని యక్షరములను నాఁకివేసెను.

ఖడ్గము లేని నూంకనాయకుఁడు బురుజును విడువలేదు. బయ్యన పోయిన పిదప వాని కావలి తానే పూనెను. ప్రతిసంధ్యను గోడయంచునఁ గూర్చుండి గుడ్లగూబ కూసినను "ఓ" యనును, నక్క యూళపెట్టినను "ఓ" యనును, జమ్ములో గాలి కదలినను లేచి నిలిచి "ఓ, వచ్చుచున్నాను" అనును. పిల్లలు మొదట నవ్విరి. తరువాత నవ్వుట మానిరి.

దుర్గము పాడుపడినది. ఐనను గృధ్రగిరి క్రింది గ్రామములయందు సంధ్యవేళ వెలుపల నెవరు పిలిచినను మొదటి పిలుపునకే లోపలివారు పలుకుదురు. పిలిచినది ప్రేతమైనచో నని పొరుగూరి క్రొత్తకోడలు సందేహించిన నత్తగారు బదులు చెప్పును. "ప్రేతమునకుఁ బలికిన నొక్కప్రాణము పోవునే తల్లీ! బ్రతికినవానికిఁ బలుకకున్న రెండు పోవును." ఆ కోడలు గడపకవతలికి వెఱపుతోఁ జూచును. హేమంతమున మంచు కందకమునుండి లేచి కూలిన బురుజుల నడుములవఱకు నిలిచినవేళ నా వైపునుండి పిలుపెన్నఁడును వినఁబడదు. "ఓ" యను పలుకు మాత్రము వినఁబడును.